అరటిపండు నేర్పిన పాఠము

గోదావరి డెల్టాలో అరటిపండు లేని శుభకార్యము లేదు. వ్రతమునకు, పెండ్లి తాంబూలమునకు, పురిటి ఇంటికి పోవు చుట్టము చేతికి అరటిపండ్లు ఉండవలసినదే. కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, బుషావళి అని పండ్లలో రకములు. కూరకు కొవ్వూరు బొంత. కాలువల వెంబడి, లంకలలో పండిన గెలలు రావులపాలెము మార్కెట్టు చేరి, అచటినుండి లారీలమీద దూర రాష్ట్రములకు పోవును.

అట్టి అరటిపండు 1958లో వైద్యులకు ఒక చిక్కు తెచ్చిపెట్టెను. ప్రేగులలో పుట్టు ఒక అరుదైన కంతిని గుర్తించుటకు అంతకు మూడేండ్ల క్రిందట ఒక మూత్రపరీక్ష ఏర్పడియుండెను. ఆరోగ్యవంతులు అరటిపండ్లు తిని ఆ పరీక్ష చేయించుకొన్నచో, కంతి లేకున్నను ఉన్నట్లుగా ఫలితము రాగలదని ఆ సంవత్సరము తేలెను. పండులో దోషము లేదు. పరీక్షలోను దోషము లేదు. పరీక్షకు ముందు ఏమి తినరాదో చెప్పకపోవుటయే దోషము.

ఈ చిన్న సంగతిలో పెద్ద పాఠమున్నది. రోగమును గురించి రోగికి బోధించుట దయతో చేయు అదనపు ఉపకారమని చాలకాలము పెద్దలు తలచిరి. కాని కొన్ని రోగములలో రోగి తెలివి వైద్యములోనే ఒక భాగము. అది లేనిచో పరీక్ష తప్పు చెప్పును, మందు సమయమునకు అందదు, శస్త్రచికిత్స ప్రమాదమగును. నాడీ-వినాళ కంతుల చరిత్ర ఈ సత్యమును స్పష్టముగా చూపును. క్యాన్సరు రోగి సంరక్షణను గురించిన ఆ పెద్ద చరిత్రలో భీమవరమున పుట్టిన ఒక తెలుగువాని పని కూడ కలిసియున్నది.

ఒక పేరు, ఒక పొరపాటు

మ్యూనిక్ నగరమున వ్యాధిశాస్త్రజ్ఞుడుగా ఉండిన సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ 1907లో చిన్నప్రేగులలో కనబడిన కొన్ని చిన్న కంతులను వర్ణించెను. సూక్ష్మదర్శినిలో అవి క్యాన్సరును పోలియుండెను. అయితే అవి నెమ్మదిగా పెరుగుచు, ఇతర అవయవములకు ప్రాకనివిగా ఆయనకు తోచెను. అందుచే వానికి 'కార్సినాయిడు' అని పేరు పెట్టెను. క్యాన్సరు వంటిదే గాని నిజమైన క్యాన్సరు కాదని ఆ పేరునకు భావము.

1929లో ఆయనయే మరికొన్ని కంతులను పరిశీలించి, వీనిలో కొన్ని ప్రాకి ప్రాణహాని చేయగలవని తన మాటను దిద్దుకొనెను. శాస్త్రజ్ఞునకు తగిన పని అది. యూదుడగుటచే 1933లో ఆయన జర్మనీ విడువవలసివచ్చెను; ఇస్తాంబులులో ఆచార్యుడై, 1944లో అచటనే మరణించెను. కాని మొదట పెట్టిన పేరు మాత్రము లోకమున నిలిచిపోయెను. 'ఇది క్యాన్సరు కాదు, దానివంటిది మాత్రమే' అను మాట విని రోగులేగాక వైద్యులు కూడ ఎన్నో దశాబ్దములు నిశ్చింతగా ఉండుట జరిగినది. ఒక పేరు తప్పు భావమునిచ్చినచో, ఆ తప్పును దిద్దుటకు పేరు పెట్టినవాని పశ్చాత్తాపము చాలదు. దానికి బోధన కావలెను.

దూతలను పంపు కణములు

శరీరములో వార్తలు రెండు మార్గములలో పోవును. నాడులు తంతివలె వార్తను చేరవేయును. వినాళ గ్రంథులు హార్మోనులను రక్తములో విడిచి, వానిద్వారా దూరపు అవయవములకు ఆజ్ఞలు పంపును. ఈ రెండు జాతుల లక్షణములును కలిగిన కణములు కొన్ని ప్రేగులలోను, ఊపిరితిత్తులలోను, క్లోమములోను, ఇతర స్థానములలోను చెదరియున్నవి. రష్యను శాస్త్రజ్ఞుడు కుల్చిట్‌స్కీ 1897లో ప్రేగులోని ఇట్టి కణములను వర్ణించెను. 1914లో ఫ్రాన్సులో గోసే, మాసోన్ అనువారు వెండి లవణములతో రంగు పట్టించి, కార్సినాయిడు కంతులు ఈ జాతి కణములనుండియే పుట్టుచున్నవని చూపిరి. అందుచేతనే నేడు ఈ జాతి కంతులను నాడీ-వినాళ కంతులు, అనగా న్యూరోఎండోక్రైన్ కంతులు అనుచున్నారు.

కంతి ఏ హార్మోనును విడుచునో, లక్షణములు దానిని బట్టి ఉండును. క్లోమములోని కంతి ఇన్సులినును అతిగా విడిచినచో రక్తములో చక్కెర పడిపోయి, మనిషి చెమటలు పట్టి, తడబడి, స్పృహ తప్పును. అట్టి రోగిని మూర్ఛరోగి అనియో, గాలి సోకినదనియో అనుకొనుట వింత కాదు. ఇన్సులినును విడుచు క్లోమపు క్యాన్సరు గల ఒక రోగిని 1927లో అమెరికాలో వైల్డరు, ఆయన సహచరులు వర్ణించిరి. ఆ రోగి స్వయముగా ఒక శస్త్రవైద్యుడు! కడుపులో ఆమ్లమును అతిగా ఊరించి, మానని పుండ్లను పుట్టించు మరియొక కంతిని 1955లో జోలింగరు, ఎలిసన్ అనువారు వెల్లడించిరి. అయితే ఈ కంతులలో అనేకము ఏ హార్మోను లక్షణమును చూపక, మౌనముగా పెరుగునవే.

ఆనకట్ట దాటిన నీరు

ప్రేగులలోని కణములు విడుచు ముఖ్య పదార్థము సెరటోనిను. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండున రాపోర్టు, గ్రీను, పేజి అనువారు దీనిని రక్తమునుండి వేరుచేసిరి. ఇటలీలో ఎర్‌స్పామరు ప్రేగులలో అంతకు ముందే కనుగొన్న పదార్థమును ఇదియును ఒక్కటియేనని 1952లో రుజువయ్యెను. 1953లో లెంబెక్ కార్సినాయిడు కంతిలోనే సెరటోనినును చూపెను. మరుసటి సంవత్సరమే స్వీడనులో వాల్డెన్‌స్ట్రోమ్, ఆయన సహచరులు ఒక రోగ చిత్రమును పూర్తిగా లోకమునకిచ్చిరి: ఉన్నట్టుండి ముఖము, మెడ ఎర్రబారుట, విడువని విరేచనములు, ఆయాసము, గుండె కుడిభాగపు కవాటములు దళసరియై పాడగుట.

ప్రేగులో కంతి ఉన్న ప్రతివానికిని ఈ లక్షణములు ఎందుకు రావు? గోదావరి మండలమువారికి దీనిని తెలుపుట సులభము. నది నీరు ధవళేశ్వరము ఆనకట్ట వద్ద ఆగి, అదుపులోనికి వచ్చి, పిమ్మట కాలువలలో ప్రవహించును. అట్లే ప్రేగులనుండి వచ్చు రక్తమంతయు మొదట కాలేయమునకు చేరును. కాలేయము ఆనకట్టవలె నిలిచి, అధికమైన సెరటోనినును అచటనే విరిచివేయును. కంతి కాలేయములోనికే ప్రాకినప్పుడు దాని స్రావములు ఆనకట్టకు దిగువన కలిసిన మురుగువలె తిన్నగా రక్తములో పడి, మొదట గుండె కుడిభాగమును తాకును. ఆ పిమ్మట ఊపిరితిత్తులు కొంత శుద్ధిచేయుటచే ఎడమభాగము సాధారణముగా తప్పించుకొనును. కనుక ముఖము ఎర్రబారు లక్షణము కనబడునప్పటికే రోగము చాలదూరము పోయియుండుట తరచు.

మరియొక నష్టమున్నది. సెరటోనిను తయారగుటకు ట్రిప్టోఫేను అను అమినో ఆమ్లము కావలెను. ఆరోగ్యవంతునిలో ఆ ఆమ్లములో సుమారు నూటికి ఒక పాలు మాత్రమే దీనికి ఖర్చగును. కంతి ఉన్నచో నూటికి 60 పాళ్లవరకు పోవచ్చును. అప్పుడు అదే ట్రిప్టోఫేను నుండి తయారు కావలసిన నయాసిను అను విటమిను కొరవడి, పెల్లాగ్రా అను చర్మరోగము రావచ్చును. తెలంగాణములో జొన్నలు ప్రధానాహారముగా గల బీదలలో కనబడిన పెల్లాగ్రాను గూర్చి హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960 ప్రాంతమున ప్రసిద్ధమైన పరిశోధనలు చేసిరి. కారణములు వేరైనను ఈ రెండు చోట్లను కొరవడునది నయాసినే. ఇట్టి రోగికి ఆహారమును గూర్చిన బోధన ఎంత అవసరమో దీనివలన గ్రహింపవచ్చును.

పండు, సీసా, మాత్ర

శరీరము సెరటోనినును విరిచినప్పుడు ఒక ఆమ్లముగా మారి అది మూత్రములో బయటికి పోవును. 24 గంటల మూత్రమును సేకరించి ఆ ఆమ్లమును కొలిచినచో కంతి జాడ తెలియునని 1955 నాటికి అమెరికాలో ఉడెన్‌ఫ్రెండ్, స్యోర్డ్‌స్మా మున్నగువారు నిరూపించిరి. వీరి బృందమే 1958లో అరటిపండులో సెరటోనిను సమృద్ధిగా ఉన్నదని తెలిపినది. గుజ్జులోకంటె తొక్కలో అది ఇంకను ఎక్కువ. తిన్న సెరటోనినును శరీరము విరిచివేయుటచే మనిషికి కీడులేదు గాని, విరిచినప్పుడు పుట్టిన ఆమ్లము మూత్రములో చేరి లెక్కను తారుమారు చేయును. అనాస, అక్రోటు, టమాటాలతోను ఇదే చిక్కు. అందుచే పరీక్షకు ముందు రెండు మూడు దినములు, పరీక్ష దినమునను వీనిని మానవలెనని వైద్యశాలలు రోగులకు చెప్పుచున్నవి.

కోనసీమ రైతునకు ఈ మాట చెప్పక సీసా మాత్రము చేతికిచ్చి పంపినచో ఏమగును? రాత్రి భోజనము పిమ్మట అలవాటు చొప్పున పండు తినును. ఆమ్లము పెరుగును. లేని కంతికొరకు వేలరూపాయల పరీక్షలు జరుగును. ఇల్లంతయు భయమున మునుగును. మరియొకరు ఒకటి రెండుసార్లు మూత్రమును సీసాలో పట్టుట మరచినచో, ఉన్న కంతి కూడ లేనట్లుగా తేలవచ్చును. ఖరీదైన యంత్రము ఎంత నిర్దుష్టమైనను, ఆ 24 గంటలు పరీక్షను నడుపువాడు ఇంటివద్దనున్న రోగియే.

నేటికి మరియొక పరీక్ష కూడ వాడుకలోనికి వచ్చినది. రక్తములో క్రోమోగ్రానిను అను మాంసకృత్తును కొలుచుదురు. దీనికిని ఒక ఉచ్చు ఉన్నది. ఆమ్లమును తగ్గించు ఓమెప్రజోలు, పాంటోప్రజోలు వంటి మాత్రలు దానిని పెంచును. 'గ్యాసు మాత్ర' అని మందుల షాపులో అడిగి కొని, మందుగా లెక్కింపకయే ప్రతి ఉదయము మ్రింగువారు ఎందరో! 'మీరు మందులేమైన వాడుచున్నారా?' అని అడిగినచో వారు 'లేదు' అని నిజాయితీగానే చెప్పుదురు. కనుక ప్రశ్నయే మారవలెను: 'గ్యాసు మాత్ర వేసికొనుచున్నారా?' బోధన అనగా రోగికి వైద్యుని భాష నేర్పుట మాత్రమే కాదు, వైద్యుడు రోగి భాష నేర్చుట కూడ. రోగి మాత్రము వైద్యుని అడుగక తనంత తాను మాత్రను మానరాదు.

భీమవరమునుండి బోస్టనుకు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. రాజమహేంద్రవరమున చదివి, పిమ్మట మద్రాసులో వైద్యవిద్య నభ్యసించెను. ఆయన సోదరులిరువురు గ్రహణి రోగముతో, అనగా విడువని విరేచనములతో శరీరము క్షీణించు వ్యాధితో, కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ రోగము సోకగా ఆయుర్వేద చికిత్స చేసి కాపాడినవారు డాక్టరు ఆచంట లక్ష్మీపతి. ఆ దినములలో ఆ రోగమునకు మూలమేమో ఎవరికిని తెలియదు. విరేచనము అనునది ఒక్క లక్షణమే. దాని వెనుక గ్రహణి ఉండవచ్చును, అమీబా ఉండవచ్చును, అరుదుగా నాడీ-వినాళ కంతియు ఉండవచ్చును. లక్షణమునుండి కారణమునకు పోవు దారి ఎంత కష్టమో సుబ్బారావు కుటుంబము ప్రాణములతో చెల్లించి తెలిసికొన్నది.

1920లలో ఆయన అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో కలిసి 1925లో రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారి, అచటి బృందమును నడిపి, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. ఈ ఆమ్లము గ్రహణి రోగులలోని రక్తహీనతకు మందయ్యెను. సోదరులను పోగొట్టుకొన్న ఇరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట లభించిన జవాబది.

ఫోలిక్ ఆమ్లమునకు విరుగుడుగా పనిచేయు పదార్థములను కూడ ఆ బృందము తయారుచేసినది. వానిలో అమినోప్టెరిను అనుదానిని బోస్టనులోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్త క్యాన్సరు గల పిల్లలకిచ్చెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన వివరములలో 16 గురు పిల్లలలో 10 మందికి రోగము కొంతకాలము వెనుకంజ వేసినది. ఆ ఉపశమనము తాత్కాలికమే. అయినను అంతవరకు ఆశయే లేని చోట అది మొదటి వెలుగు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు 53వ యేట న్యూయార్కులో కన్నుమూసెను. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని అనేక రోగములలో వాడబడుచున్నది.

ఈ మందులు నాడీ-వినాళ కంతులకు ఉద్దేశించినవి కావు. కాని ఒక మార్పు అన్ని క్యాన్సరులకును సంబంధించినది. రోగి కొద్ది దినములలో మరణించుచున్నంతకాలము 'అతనికి ఏమి చెప్పవలెను?' అను ప్రశ్న పెద్దగా రాలేదు. మందు పనిచేసి, రోగి నెలలు, ఏండ్లు బ్రతుకుట మొదలైన పిమ్మట అతడు రోగముతో కాపురము చేయవలసివచ్చెను. ఫార్బరు దీనిని ముందుగా గ్రహించినవారిలో ఒకడు. మందుతోపాటు పోషణ, దాదుల సేవ, కుటుంబమునకు ధైర్యము చెప్పుట, సాంఘిక సహాయము అన్నియు ఒక్క కప్పు క్రింద ఉండవలెనని ఆయన బోధించెను. 'సమగ్ర సంరక్షణ' అని దీనికి పేరు. 1948లో రేడియో ద్వారా ఒక బాలుని పేరుమీద ప్రజలనుండి విరాళములు కోరగా రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చెను. పామర ప్రజలును క్యాన్సరు పోరులో భాగస్థులు కాగలరని దానివలన తేలెను.

చెప్పవలెనా, దాచవలెనా?

అయినను రోగికి రోగము పేరు చెప్పుట మాత్రము అంత త్వరగా ఆచారములోనికి రాలేదు. అమెరికాలో ఓకెన్ 1961లో ప్రకటించిన పరిశీలనలో నూటికి సుమారు 90 మంది వైద్యులు క్యాన్సరు రోగికి ఆ మాట చెప్పకుండుటయే మేలనిరి. 1979లో అదే ప్రశ్నను మరల అడుగగా నూటికి 97 మంది చెప్పుదుమనిరి. పదునెనిమిది యేండ్లలో ఒక వృత్తి తన మనస్సును తలక్రిందులుగా మార్చుకొన్నది. చికిత్సలు మెరుగుపడుటయు, రోగుల హక్కులను గూర్చిన ఆలోచన పెరుగుటయు దీనికి కారణములు.

తెలుగు కుటుంబములలో దాచుట నేటికిని ఉన్నది. 'రాచపుండు' అను మాట ఇంటిలో బిగ్గరగా పలుకరు. కొడుకు వైద్యుని గదిలోనికి ముందుగా పోయి, 'నాన్నగారికి పేరు చెప్పకండి, తట్టుకొనలేరు' అని బ్రతిమాలును. దీనిని అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు, అది ప్రేమయే. కాని నాడీ-వినాళ కంతి ఉన్నవారిలో అనేకులు చాల ఏండ్లు జీవింతురు. నాలుగు వారములకొకసారి ఇంజెక్షను, ఏటికి కొన్ని పరీక్షలు, ఆహారములో మార్పులు వారికి నిత్యకృత్యములు. పేరు తెలియని రోగమునకు ఇన్ని నియమములు పాటించుట ఎట్లు? పైగా ఆసుపత్రి కాగితములు, చరవాణిలోని సమాచారము చూచి రోగి ఎట్లును కనుగొనును. అప్పుడు రోగముకంటె ఇంటివారు దాచిరను బాధ ఎక్కువగును. ఒకేసారి గుమ్మరింపక, రోగి అడిగినంత, ఓర్వగలిగినంత, మెల్లగా, అబద్ధము లేకుండ చెప్పుట మధ్యేమార్గము.

మందుల దారి

1973లో అమెరికాలో గిల్లెమిన్ ప్రయోగశాలలో సొమటోస్టాటిను అను హార్మోను కనుగొనబడెను. ఇతర హార్మోనుల స్రావమును ఆపుట దీని గుణము. ఇతర మెదడు హార్మోనులపై చేసిన పనికి గిల్లెమిన్, షాలీలకు 1977లో నోబెలు బహుమానము లభించినది. కాని సొమటోస్టాటిను రక్తములో కొద్ది నిమిషములే నిలుచును, మందుగా పనికిరాదు. 14 అమినో ఆమ్లముల ఆ గొలుసునుండి ముఖ్యభాగమును తీసికొని 8 అమినో ఆమ్లములతో తయారుచేసిన ఆక్ట్రియోటైడును స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 1982లో వెల్లడించిరి. 1988లో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించెను. ముఖము ఎర్రబారుట, విరేచనములు అదుపులోనికి వచ్చి, ఇల్లు కదలలేని రోగులు మరల పనిపాటలకు పోగలిగిరి.

ఈ కంతుల కణములపై సొమటోస్టాటినును పట్టుకొను గ్రాహకములు తరచు అధికముగా ఉండును. తాళమునకు చెవివలె సరిపోవు అణువునకు కిరణధార్మిక పదార్థమును తగిలించి పంపినచో అది కంతిని వెదకికొని పోవును. గాలియము తగిలించినచో కంతి చిత్రము కనబడును. లుటీషియము-177 తగిలించినచో కంతికి లోపలినుండియే కిరణచికిత్స జరుగును. అమెరికాలో 2018 జనవరిలో ఈ చికిత్సకు అనుమతి లభించెను. భారతదేశమున లుటీషియము-177ను భాభా అణు పరిశోధన కేంద్రము తయారుచేయుచున్నది.

గుర్తించు సాధనములు పెరిగినకొలది ఈ కంతులు అనుకొన్నంత అరుదు కావని తెలియుచున్నది. అమెరికా లెక్కలలో 1973లో లక్ష జనులకు 1.09గా ఉండిన కొత్త రోగుల సంఖ్య 2012 నాటికి 6.98 అయ్యెను. రోగము పెరిగినదనుటకంటె, దానిని చూచు కన్ను తెరచుకొన్నదనుట చాలవరకు ఒప్పు.

తోటివారి తోడు

వైద్యశాస్త్రము ముందుకు పోవుచుండగా రోగులును సంఘములుగా ఏర్పడిరి. 1968లో న్యూయార్కులో కార్సినాయిడు క్యాన్సరు ఫౌండేషను స్థాపింపబడెను. 2010 నుండి ప్రతి సంవత్సరము నవంబరు 10వ తేదీని ఈ రోగమును గూర్చిన బోధనకు ప్రపంచ దినముగా జరుపుచున్నారు. ఈ సంఘముల చిహ్నము చారల గుర్రము, అనగా జీబ్రా. గిట్టల చప్పుడు విన్నప్పుడు గుర్రమును తలచుకొనవలెను గాని జీబ్రాను కాదని అమెరికాలో వైద్య విద్యార్థులకు చెప్పుదురు. సాధారణ రోగమును ముందుగా అనుమానింపుమని దాని తాత్పర్యము. ఆ సలహా మంచిదే. కాని ఎప్పుడో ఒకప్పుడు వచ్చునది నిజముగా జీబ్రాయే కావచ్చునని ఈ రోగులు ఆ చిహ్నముతో జ్ఞాపకము చేయుచున్నారు. అజీర్ణమనియు, ఉబ్బసమనియు, ముట్లుడుగు కాలపు వేడి ఆవిరులనియు ఏండ్ల తరబడి మందులు వాడిన పిమ్మట రోగము బయటపడినవారు వారిలో అనేకులు.

భారతదేశమున ఈ రోగము పేరు సామాన్యులకు వినబడినది 2018 మార్చిలో. హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు నాడీ-వినాళ కంతి ఉన్నదని ప్రకటించెను. 2006లో వచ్చిన 'సైనికుడు' చిత్రము ద్వారా తెలుగు ప్రేక్షకులకును ఆయన పరిచితుడు. 'న్యూరో' అను మాట విని మెదడులో కంతి అని ప్రచారము జరుగగా, ఆ మాట ఎల్లప్పుడును మెదడునకే సంబంధించినది కాదని ఆయనయే వివరింపవలసివచ్చెను. ఆయన 2020 ఏప్రిలు 29న మరణించెను. నూరు ఉపన్యాసములు చేయలేని పనిని ఒక రోగి చెప్పిన నిజము చేసినది.

గోదావరి మండలమున చేయదగినది

కాకినాడలో 1958 నుండి రంగరాయ వైద్య కళాశాల ఉన్నది. హైదరాబాదులో 1955 నుండి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు, ఇటీవలి కాలమున విశాఖపట్టణమువద్ద టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు సేవ చేయుచున్నవి. 2007లో ఆరోగ్యశ్రీ అను పేరుతో మొదలైన ప్రభుత్వ పథకము, తరువాత పేర్లు మారినను, బీదలకు పెద్ద చికిత్సలకు తోడ్పడుచున్నది. కాని లంక గ్రామమునుండి నగరములోని ఆసుపత్రికి పోవు రోగికి దారి చూపుటకు కట్టడములు మాత్రమే చాలవు.

ఆ రోగి వద్ద ఒక నోటుపుస్తకము ఉండవలెను. అందు ఈ సంగతులు తెలుగులో వ్రాసియుండవలెను: కంతి పేరు, అది పుట్టిన చోటు, అది ఎంత వేగముగా పెరుగుచున్నదో తెలుపు శ్రేణి, వేసికొను మందులు, తదుపరి ఇంజెక్షను తేదీ, పరీక్షకు ముందు మానవలసిన ఆహారము, ఎట్టి చిన్న శస్త్రచికిత్సకైనను, మత్తుమందునకైనను ముందుగా ఈ రోగమును గూర్చి వైద్యునకు చెప్పవలెనను హెచ్చరిక. ఈ చివరి మాట ప్రాణములకు సంబంధించినది. హార్మోనులను విడుచు కంతి గలవారికి మత్తుమందు ఇచ్చునప్పుడు ఒక్కసారిగా హార్మోనులు వెలువడి రక్తపుపోటు ప్రమాదకరముగా మారవచ్చును. ముందు తెలిసినచో వైద్యులు తగిన మందుతో దానిని అరికట్టగలరు. తెలియనిచో పన్ను పీకించుకొనుటకు పోయినవాడు కూడ ఆపదలో పడవచ్చును.

ఇట్టి నోటుపుస్తకమును వ్రాయగలవాడు ప్రతి గ్రామమునను ఉన్నాడు. ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడే అతడు. కాలేయము, హార్మోనులు, అమినో ఆమ్లములు ఆయన ప్రతి సంవత్సరము చెప్పు పాఠములే. ఎనిమిదవ తరగతి బాలిక తన తాతగారికి వైద్యుని కాగితము చదివి వినిపించునప్పుడు ఆ పాఠము నల్లబల్లమీదినుండి ఇంటిలోనికి నడచిపోవును. 'తాతయ్యా, సోమవారము పరీక్ష. శుక్రవారమునుండి అరటిపండు వద్దు. పరీక్ష అయిన పిమ్మట తినవచ్చును' అని ఆమె చెప్పగలిగినచో, ఓబెర్న్‌డోర్ఫరు మొదలు నేటివరకు నూరేండ్లకు పైగా జరిగిన కృషి ఆ ఇంటికి చేరినట్లే.